ఎంత రావాలి, ఎంత వచ్చింది

(ఆచార్య టి.ఆర్. శేషాద్రి స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



శేషాద్రి గారి పేరు మీద మాట్లాడటం అంటే వారు పరిశోధించిన ఫ్లేవనాయిడ్ల గురించి చెబుతానని చాలామంది అనుకుని ఉంటారు. ఆ పని నాకన్నా బాగా చేయగలిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను పరిశోధకుణ్ణి కాను. రిటైరయ్యేదాకా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకున్న మనిషిని. కాబట్టి నాకు తెలిసిన చోటి సంగతులే చెబుతాను. డిగ్రీ కాలేజీ ల్యాబ్, అందులో మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే ప్రాక్టికల్స్, అక్కడ పిల్లలు నేర్చుకునేదీ నేర్చుకోకుండా తప్పించుకునేదీ.

ఆ ల్యాబ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుంది. బ్యూరెట్ కడగడం రాని ఫస్టియర్ పిల్లాడూ అడుగుతాడు, రేపో మాపో పట్టా పుచ్చుకోబోయే ఫైనలియర్ అమ్మాయీ అడుగుతుంది. "ఎంత రావాలి సార్?" మనం చెప్పకపోతే పక్క బెంచీ వైపు తిరిగి, "నీకెంత వచ్చింది?" అంటారు. అక్కడా దొరక్కపోతే అటెండర్ ఉన్నాడు. పరీక్ష రోజు పొద్దున లవణాలు పొట్లాలు కట్టింది అతనే. "అన్నా, నా సాల్ట్ ఏంటన్నా?" అని బతిమాలితే ఎంతటివాడి మనసైనా కరుగుతుంది. ఈ మాటకు మీరు నవ్వుతున్నారు కాబట్టి ఇది మీ కాలేజీలోనూ ఉందన్నమాట.

నా ఉద్దేశంలో రసాయనశాస్త్రంలో డిగ్రీ చదవడం అంటే ఈ ప్రశ్నను వదిలించుకోవడం. "ఎంత రావాలి" అనే చోటి నుంచి "ఎంత వచ్చింది, ఎందుకలా వచ్చింది" అనే చోటికి చేరడం. సూత్రాలు, సమీకరణాలు, నేమ్డ్ రియాక్షన్లు పుస్తకంలో దొరుకుతాయి. ఈ ఒక్కటీ బెంచీ దగ్గర నిలబడితే తప్ప రాదు.

పర్మాంగనేట్ టైట్రేషన్ చేయనివాళ్లు ఇక్కడ ఉండరు. పిపెట్‌తో ఆగ్జాలిక్ ఆమ్లం తీసుకుంటాం. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతాం. 60, 70 డిగ్రీల దాకా, అంటే ఫ్లాస్క్ మెడ చేతికి చురుక్కుమనేదాకా వేడి చేస్తాం. బ్యూరెట్ కుళాయి తిప్పితే మొదటి చుక్క పడుతుంది. గులాబీ రంగు వచ్చి అక్కడే కూర్చుంటుంది. కొత్తవాళ్లు కంగారుపడతారు, అప్పుడే ఎండ్ పాయింట్ వచ్చేసిందా అని. ఫ్లాస్క్ తిప్పుతూ ఓపిక పడితే రంగు మెల్లగా విరుగుతుంది. రెండో చుక్క రంగు కాస్త తొందరగా పోతుంది. ఆ తర్వాత చుక్క పడటం, రంగు పోవడం ఒకేసారి జరుగుతున్నట్టుంటుంది. చర్యలో పుట్టిన మాంగనస్ అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకం. థియరీ పేపర్లో స్వయం ఉత్ప్రేరణం అని రెండు మార్కులకు రాసే ముక్క ఇక్కడ కళ్ల ముందు నడుస్తుంది. చివర లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపాలి. పర్మాంగనేట్ చిక్కటి రంగు, ద్రవం అడుగు వంపు కనబడదు. అందుకని ఈ ఒక్క ద్రావణానికి పై అంచు దగ్గర రీడింగు తీస్తాం.

వైవాలో తప్పనిసరిగా అడిగే ప్రశ్న, మోర్ లవణంతో చేసేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వాడరు? పర్మాంగనేట్‌లో కొంత క్లోరైడ్‌ను క్లోరిన్‌గా మార్చడానికే ఖర్చయిపోతుంది కాబట్టి. రీడింగు పెరుగుతుంది. నైట్రిక్ ఆమ్లమైతే అదే ఆక్సీకరణి, పర్మాంగనేట్ చేయాల్సిన పని కొంత తానే చేసేస్తుంది, రీడింగు తగ్గుతుంది. ఈ జవాబు అందరికీ కంఠతా వచ్చు. ఆ జవాబులో ఉన్న అసలు సంగతి మాత్రం చాలామందికి తట్టదు. రీడింగు ఎక్కువ రావడానికి ఒక కారణం ఉంది, తక్కువ రావడానికి ఇంకో కారణం ఉంది. తప్పుగా వచ్చిన అంకె కూడా ఏదో చెబుతోంది. దాన్ని చెరిపేసి "రావాల్సిన" అంకె రాస్తే, చెబుతున్నవాడి నోరు మూసినట్టే.

చెరపడం ఎలా జరుగుతుందో పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. ఇచ్చిన గాఢత ఎంతో ముందే తెలుస్తుంది. దాని నుంచి వెనక్కి లెక్క కట్టి టైటర్ విలువ తేలుస్తారు. మూడు రీడింగుల పట్టికలో మొదటిది 0.1 తేడాతో రాస్తారు, మరీ మూడూ ఒకటే అయితే సార్‌కు అనుమానం వస్తుందని. ఈ తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. ఇదే తెలివి బ్యూరెట్ మీద పెడితే ఎంత బాగుండు అనిపిస్తుంది కూడా. పిల్లల్ని అని లాభం లేదు. ప్రాక్టికల్ పరీక్షల్లో మార్కులు వేసే పద్ధతి వాళ్లకు అదే నేర్పింది. అసలు విలువకు ఎంత దగ్గరైతే అన్ని మార్కులు, తేడా పెరిగేకొద్దీ కోత. వచ్చింది వచ్చినట్టు రాసి, ఎందుకు తేడా వచ్చిందో వివరించిన విద్యార్థికి ఆ పద్ధతిలో గడి లేదు.

లవణ విశ్లేషణ సంగతి చూడండి. మా కాలంలో కిప్స్ పరికరం వరండాలో ఓ మూల ఉండేది. ఫెర్రస్ సల్ఫైడ్ మీద ఆమ్లం పడి హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చేది. ఆ కుళ్లిన గుడ్ల కంపు చొక్కాలకు పట్టేసి సాయంత్రం ఇంటికి వచ్చేది. అదే వాయువును ఆమ్ల మాధ్యమంలో పంపితే రాగి, కాడ్మియం లాంటివి సల్ఫైడ్లుగా దిగుతాయి, రెండో గ్రూపు. జింకు, మాంగనీస్ కదలవు. అవి దిగాలంటే అమ్మోనియా కలిపి పంపాలి, నాలుగో గ్రూపు. వాయువు ఒకటే. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువగా ఉండి సల్ఫైడ్ అయాన్లను అణిచిపెడతాయి కాబట్టి, ద్రావణీయతా లబ్ధం బాగా తక్కువగా ఉన్నవే అవక్షేపిస్తాయి. క్షార మాధ్యమంలో ఆ అణచివేత పోతుంది. క్లాసులో ఉమ్మడి అయాన్ ప్రభావం అని బోర్డు మీద రాసింది ఇదే. టెస్ట్‌ట్యూబులో నల్లటి కాపర్ సల్ఫైడ్ దిగి, పైన తేట ద్రావణంలో జింకు ఇంకా దాక్కుని ఉందని తెలిసి, దాన్ని వడగట్టి అమ్మోనియా కలిపి మళ్లీ వాయువు పంపితే తెల్లటి అవక్షేపం వచ్చిందనుకోండి. అలా చేసి చూసిన పిల్లకు సమతాస్థితి గురించి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

సీసం ఇంకా గమ్మత్తైనది. మొదటి గ్రూపులో క్లోరైడ్‌గా దిగుతుంది, కానీ పూర్తిగా దిగదు. మిగిలింది రెండో గ్రూపులో సల్ఫైడ్‌గా ప్రత్యక్షమవుతుంది. పట్టిక కంఠస్థం చేసినవాడు "ఇదేమిటి, రెండు చోట్లా వస్తోంది" అని తల పట్టుకుంటాడు. లెడ్ క్లోరైడ్ నీళ్లలో కొద్దిగా కరుగుతుందని, వేడి నీళ్లలో ఇంకా బాగా కరుగుతుందని తెలిసినవాడికి ఆశ్చర్యం ఉండదు. చివర నిర్ధారణ పరీక్షలో పొటాషియం అయొడైడ్ కలిపితే పసుప్పచ్చ అవక్షేపం వస్తుంది. నీళ్లు పోసి మరిగిస్తే అది మాయమై ద్రావణం తేటపడుతుంది. ఆ టెస్ట్‌ట్యూబును కుళాయి కింద పట్టి చల్లబరిస్తే బంగారు రేకులు మెరుస్తూ కిందికి దిగుతాయి. ఎన్ని బ్యాచీలకు చూపించినా, ఆ క్షణంలో ఫోన్ చూసుకునే పిల్లాణ్ణి నేనింకా చూడలేదు.

చాలా కాలేజీలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ల్యాబ్ నుంచి తీసేశాయి. నేను దాన్ని తప్పుపట్టను. అది విషవాయువు. గాఢత పెరిగితే ముక్కు దాని వాసన పట్టడమే మానేస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. సరైన ఫ్యూమ్ హుడ్ లేనిచోట నలభై మంది పిల్లల మధ్య దాన్ని వదలడం న్యాయం కాదు. నా బాధ వేరు. అది పోయిన చోట అంత ఆలోచింపజేసే ప్రయోగం ఏదీ రాలేదు. కొన్ని చోట్ల ల్యాబే తాళం వేసుకుని ఉంటుంది. సీనియర్ రికార్డు చూసి కొత్త రికార్డులోకి ఎక్కించడమే ప్రాక్టికల్.

ఇప్పుడు శేషాద్రి గారి దగ్గరికి వస్తాను. వారు 1900లో కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేశారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఫ్రిట్జ్ ప్రెగల్ దగ్గర సూక్ష్మవిశ్లేషణ నేర్చుకున్నారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని మండించి అందులో కార్బన్, హైడ్రోజన్ ఎంత శాతమో తేల్చే విద్య అది. ప్రెగల్‌కు 1923లో నోబెల్ బహుమతి వచ్చింది అందుకే. రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలరుగా ఉన్న రోజుల్లో శేషాద్రి గారు వాల్తేరు వచ్చి, 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కెమిస్ట్రీ శాఖను నిలబెట్టారు. 1942లో విశాఖ మీద బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయిన గడ్డు రోజులు కూడా అందులోనివే. పత్తి పూల రంగుల మీద వారి శిష్యబృందం వరసగా పత్రాలు ప్రచురించింది. మన పొలాల్లో పూసే పువ్వు నుంచి పదార్థం తీసి దాని నిర్మాణం తేల్చారు.

ఆ రోజుల్లో ఎన్.ఎం.ఆర్. యంత్రం లేదు. మరి చేతిలో ఉన్న పసుప్పచ్చ స్ఫటికాలు ఫలానా పదార్థమే అని ఎలా అనేవారు? మిక్స్‌డ్ మెల్టింగ్ పాయింట్ అనే పద్ధతి ఒకటుంది, డిగ్రీ పిల్లలకు ఇప్పటికీ తెలుసు. మీ పదార్థమూ, నిస్సందేహంగా తెలిసిన పదార్థమూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరిగాయనుకోండి. అంతమాత్రాన రెండూ ఒకటే అనకూడదు. రెండిటినీ కలిపి నూరి, కేపిలరీలో నింపి, థర్మామీటరుకు కట్టి, తీలె ట్యూబులో లిక్విడ్ పారాఫిన్‌లో ముంచి మళ్లీ వేడి చేయాలి. అదే ఉష్ణోగ్రత దగ్గర చటుక్కున కరిగితే ఒకటే. ముందుగానే మెత్తబడి, సాగదీసుకుంటూ కరిగితే రెండూ వేరు. ఎంత నమ్మకంతో ఉన్నా, ఏళ్ల తరబడి చేసిన పని ఆ కేపిలరీలో ఒక్క నిమిషంలో కూలిపోవచ్చు. "ఎంత రావాలి" అనే ప్రశ్నకు అక్కడ చోటు లేదు. వారు 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆ గౌరవం వెనక ఇలాంటి కేపిలరీలు ఎన్ని ఉండి ఉంటాయో ఊహించుకోండి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను అంచనా కట్టే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే అంత ఫాస్ఫేట్. ఇదే పద్ధతిని కండరాల నుంచి తీసిన ద్రావణం మీద వాడితే రంగు ఒక్కసారిగా రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. పరీక్షలో మనవాళ్లయితే ఏం చేస్తారు? పద్ధతిలో చెప్పిన టైముకు రీడింగు తీసి రాసేసి బయటపడతారు. వారిద్దరూ ఆ ముదరడాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే ఫాస్ఫరస్ సమ్మేళనం ఏదో కండరంలో ఉందని తేల్చారు. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. రెండేళ్లలో ఎ.టి.పి. దాకా వెళ్లారు.

పిల్లలకు ఉద్యోగం మాట చెప్పకపోతే నన్ను ఇంటికి వెళ్లనివ్వరు. హైదరాబాదు చుట్టూ జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ పక్కన పరవాడ, అచ్యుతాపురం. ఈ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు నడిచేది చాలావరకు బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినవాళ్ల చేతుల మీదనే. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి గారు గుంటూరు ఎ.సి. కాలేజీలో బి.ఎస్సీ. చదివి, బొంబాయిలోనూ పుణేలోనూ పై చదువులు చదివి, ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం చేసి, 1984లో సొంత కంపెనీ పెట్టారు. డిగ్రీ అంటే ఇంజనీరింగ్ సీటు రానివాళ్ల గతి అనుకునే తల్లిదండ్రులకు నేను ఆ పేరే చెబుతుంటాను. అందరూ అంజిరెడ్లు కారని నాకూ తెలుసు. హెచ్.పి.ఎల్.సి. యంత్రం ముందు షిఫ్టు డ్యూటీ చేసే వేలమంది గురించి మాట్లాడదాం.

వాళ్ల ముందు రోజూ ఉండే ప్రశ్న మళ్లీ అదే. శాంపిల్ ఫెయిలైంది. అసే, అంటే అందులో ఉన్న మందు శాతం, 98 ఉండాలి, 96 వచ్చింది. ఇంకోసారి ఇంజెక్ట్ చేసి, పాసైన రీడింగు ఉంచి, మొదటిది తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? 1993లో బార్ లాబొరేటరీస్ కేసులో అమెరికా ఫెడరల్ జడ్జి ఈ దారి మూసేశారు. ఫెయిలైన ఫలితానికి కారణం తేల్చకుండా, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ పోవడం కుదరదన్నారు. 2013లో మందుల కంపెనీ రాన్‌బాక్సీ అమెరికా విభాగం నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. ఆ అభియోగాల్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ.కు తప్పుడు వివరాలు ఇవ్వడం కూడా ఉంది. మన దేశపు మందుల ఫ్యాక్టరీలకు వచ్చిన హెచ్చరిక లేఖల్లో డేటా ఇంటెగ్రిటీ అనే మాట పదేపదే కనబడుతుంది. దానికి ఇప్పుడు పెద్ద పెద్ద ట్రైనింగులు పెడుతున్నారు. ఆ ట్రైనింగు సిలబస్ చూశాను. చేసినప్పుడే రాయి, చూసిందే రాయి, కొట్టేస్తే కింద అంకె కనబడేలా ఒక్క గీత గీయి, సంతకం పెట్టు. ఇది ఫస్టియర్ రికార్డు మొదటి పేజీలో ఉండాల్సిన విషయం. మూడేళ్లు మనం వెనక్కి లెక్క కట్టడం నేర్పి పంపాం, కంపెనీవాళ్లు దాన్ని మరపించడానికి డబ్బు ఖర్చుపెడుతున్నారు.

అంకె నిజమైతే చాలదు, ఎక్కడ కొలిచామో కూడా చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది పోయారు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతుంది, మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా తరుముతుంది. దాన్ని ఆపడానికి టి.బి.సి. అనే నిరోధకం కలుపుతారు. అది తగినంత లేదని, ట్యాంకులో ద్రవాన్ని సరిగా కలియబెట్టలేదని, ఉష్ణోగ్రత కొలిచింది అడుగు భాగంలోనే అని విచారణల్లో బయటపడింది. అడుగున వచ్చిన అంకె నిజమే. పైన ఎంత ఉందో కొలిచినవాళ్లు లేరు. ఫ్రీ రాడికల్ పాలిమరీకరణం, నిరోధకాలు అనే పాఠం బి.ఎస్సీ. పుస్తకంలో ఒకటిన్నర పేజీ. ఆ పేజీ చెప్పేటప్పుడు ఈ ట్యాంకు బొమ్మ బోర్డు మీద గీయమని ఉపాధ్యాయ మిత్రులను అడుగుతున్నాను.

ఇక మన సిలబస్ దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఎం.పి.సి. అన్నా బి.జెడ్.సి. అన్నా మూడు సబ్జెక్టులకు సమాన వాటా. ఒకే మేజర్ పద్ధతిలో కెమిస్ట్రీ తీసుకున్న విద్యార్థి తన సమయంలో సింహభాగం కెమిస్ట్రీకే పెట్టాలి. ఈ మార్పు మీద నాకు అనుమానాలు ఉన్నాయి. లెక్కలు రాని కెమిస్ట్రీ విద్యార్థి థర్మోడైనమిక్స్ దగ్గర బోర్లాపడతాడు. అయినా దొరికిన ల్యాబ్ గంటల్ని ఏం చేద్దామన్నదే ఇప్పుడు నా ప్రశ్న. నాదొక ప్రతిపాదన ఉంది.

ఎంత రావాలో ఎవరికీ తెలియని శాంపిల్ ఇవ్వండి. అలాంటిది కొనక్కర్లేదు. ప్రతి విద్యార్థినీ తన ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో తెమ్మనండి. అటెండర్‌ను అడిగినా లాభం లేదు, అతనికీ తెలియదు. పి.హెచ్. 10 బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక, ఇ.డి.టి.ఎ.తో టైట్రేషన్. ఎర్ర ద్రాక్ష రంగు నుంచి నీలానికి మారుతుంది. మధ్యలో ఊదా రంగు దగ్గర చాలామంది తొందరపడి ఆపేస్తారు, ఎరుపు ఛాయ పూర్తిగా పోవాలి. కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. తమ ఇంటి నీళ్లు ఏ లెక్కలో ఉన్నాయో తెలిశాక ఆ పిల్లలు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు గైడులో ఉండవు. నల్గొండ వైపు కాలేజీలైతే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఒకటి సంపాదించుకోవాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా ఆ జిల్లా పేరే పెట్టింది. ఆ జిల్లాలో కెమిస్ట్రీ చదివే పిల్లలు ఆ ప్రయోగం బీకర్లో చేయకుండా పట్టా పుచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

మరి మార్కులు ఎలా వేస్తారని మీరు అడుగుతారు. అసలు విలువ తెలియనప్పుడు తేడా ఎలా కొలవాలి? ఒకే సీసా నీళ్లను ఇద్దరికి, ఒకరికొకరు తెలియకుండా ఇవ్వండి. రీడింగులు రికార్డులో నేరుగా సిరాతో రాయించండి. పెన్సిలూ రబ్బరూ గుమ్మం బయటే. ఒకే విద్యార్థి తీసిన రీడింగులు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదానికి కొన్ని మార్కులు. ఇద్దరి విలువలు కలిస్తే కొన్ని. కలవకపోతే, ఎందుకు కలవలేదో ఇద్దరూ కూర్చుని రాసిన అరపేజీకి అన్నే మార్కులు. బఫర్ తక్కువైందా, ఎండ్ పాయింట్ దాటిపోయిందా, పిపెట్ కొసన మిగిలిన చుక్కను ఒకరు ఊదారా. ఆ అరపేజీ దిద్దడం కష్టమే, పదిహేను నిమిషాల్లో నలభై రికార్డులు సంతకాలు చేయడం లాంటిది కాదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు పూట కాక రెండు పూటలు పట్టవచ్చు. దానికి తగ్గ భత్యం విశ్వవిద్యాలయం ఇవ్వాలి.